ఎండకు, వానకు నిలిచే మంద కోసం విత్తన పొట్టేలు: బొచ్చు చూడటం నుంచి దాటించడం దాకా

"ఏ పొట్టేలు పెడితే పిల్లలు ఎండకు తట్టుకుంటాయి?", "నల్ల గొర్రెల్లో ఉన్ని పోతోంది, మళ్లీ ఎలా తెచ్చుకోవాలి?" జీవాలు పెంచేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఈ రెండే. రెండింటికీ చేయాల్సిన పని ఒక్కటే. మంద మేసే చోటే, మంద తినే మేత మీదే, మే నెల ఎండలోనూ శ్రావణం వానలోనూ పొట్టేలు పిల్లలను పరీక్షించి వాటిలోంచి విత్తనానికి ఎంచుకోవాలి. కొట్టంలో దాణా తిని నిగనిగలాడే పొట్టేలు తన పిల్లలకు జన్యువులనే ఇస్తుంది, దాణాను ఇవ్వలేదు. అది బీడులో తిరిగి బతకగలదో లేదో దాని నిగారింపు చెప్పదు.

ఇక్కడి లెక్కలన్నీ 60 ఆడ గొర్రెల మందకు వేసినవి. ఏడాదికి 20 నుంచి 25 పొట్టేలు పిల్లలు చేతికొస్తాయని అనుకుందాం. మంద చిన్నదైతే పక్క మందతో కలిసి చేయండి. పదిలోపు పిల్లల్లోంచి ఎంపిక చేస్తే పెద్దగా ఫలితం ఉండదు.

## 1. ముందు ఏ బొచ్చు కావాలో తేల్చుకోండి

ఎండకు పొట్టి బొచ్చే మేలు అనేది సగం నిజం. మీ మంద ఎక్కడ తిరుగుతుంది, దాని మీద దేన్ని అమ్ముతారు అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

నెల్లూరు రకం. కోస్తా, రాయలసీమ, తెలంగాణలో మాంసానికి పెంచే మందలు. ఇక్కడ కావలసింది పొట్టిగా, చర్మానికి అంటుకుని, మెరుస్తూ ఉండే వెంట్రుక. అలాంటి ఒంటి మీద గాలి తగిలి చెమట త్వరగా ఆరుతుంది. పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు అంటుకోవు. పిడుదులు దాక్కునే చోటు తగ్గుతుంది. ఈ జాతిలో మెడ కింద, భుజాల మధ్య, తొడల వెనుక కొంచెం పొడవు వెంట్రుకలుండటం సహజం. దాన్ని లోపంగా లెక్కించవద్దు.

దక్కనీ రకం, అంటే నల్ల గొర్రె. పీఠభూమిలో చలికాలపు రాత్రులు చేలలో మంద పెడుతూ, వానలో తడుస్తూ తిరిగే మందలు. దీని ముతక ఉన్ని వానకూ చలికీ అడ్డు. ఎండలో కూడా ఒక మోస్తరు ఉన్ని పొర సూర్యుడి వేడిని చర్మం దాకా రానివ్వదు. గొంగడికి పనికొచ్చేది కూడా ఇదే. ఈ మందలో ఉన్నిని తీసేసే దిశగా ఎంపిక చేస్తే చలివానకు పిల్లలు పోతాయి.

రెండు దిశల్లోనూ ఒకే మందను నడపలేరు. నల్ల గొర్రె మీద నెల్లూరు పొట్టేలును పెడితే మొదటి తరం పిల్లలు సాధారణంగా రెండింటికీ మధ్యస్థంగా వస్తాయి. భుజాల మీద, వీపు మీద ఉన్ని అతుకులు, మిగతా చోట వెంట్రుక. ఆ ఉన్ని గొంగడికి రాదు, ఆ బొచ్చు ఎండకూ అంత సుఖం కాదు. బరువు కోసం అలా దాటిస్తే (జత కట్టిస్తే) ఆ పిల్లలను మాంసానికే అమ్మేయండి, విత్తనానికి ఉంచకండి.

ఇప్పటికే కలిసిపోయిన మందలో ఉన్ని తిరిగి కావాలంటే, కలగలుపు ఆడ గొర్రెలనే ఉంచి ప్రతి తరం అసలైన దక్కనీ పొట్టేలునే పెట్టండి. సగం నుంచి మొదలైన దక్కనీ రక్తం 75, 87.5, 93.75 శాతంగా మూడు తరాల్లో పెరుగుతుంది. తరానికి మూడేళ్ల చొప్పున తొమ్మిదేళ్ల పని అది. మధ్యలో ఒక్క ఏడాది వేరే పొట్టేలు దాటినా ఆ ఏటి పిల్లలను ఉంచుకోకూడదు.

## 2. సామాను, నోటు పుస్తకం

- వేలాడే కాటా: పుట్టిన పిల్లలకు, ఉన్నికి 10 గ్రాముల తేడా చూపేది ఒకటి, పెద్దవాటికి 100 గ్రాములు చూపేది ఒకటి
- డిజిటల్ థర్మామీటరు రెండు, వాజిలిన్, దూది, స్పిరిట్
- సెకన్లు చూపే గడియారం లేదా ఫోను
- నీడలో వేలాడదీసే ఉష్ణోగ్రత మీటరు, తేమ కూడా చూపిస్తే మంచిది
- సెంటీమీటరు టేపు, స్కేలు
- కంటి రెప్ప రంగు పోల్చే ఫమాచా కార్డు
- చెవిపోగులు, వేసే పటకా
- బైండు పుస్తకం, చెరగని పెన్ను

ప్రతి పిల్లకూ ఒక వరుస. నంబరు, తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ, ఒంటరా కవలా, తల్లికి ఎన్నో ఈత, పుట్టినప్పటి బరువు. ఇవి పుట్టిన 24 గంటల్లో రాయాలి. వారం తర్వాత ఏ పిల్ల ఏ తల్లిదో గుర్తుండదు. తండ్రి ఎవరో తెలియని పిల్లలను రక్తసంబంధం లెక్కలో వాడుకోలేం కాబట్టి దాటే కాలంలో ఒక్కో జట్టుకు ఒక్క పొట్టేలునే కట్టండి. ప్రభుత్వ 12 అంకెల చెవిపోగు ఉంటే అదే నంబరు వాడండి. లేకపోతే ఏడాది చివరి రెండు అంకెలు, ఆపై వరుస సంఖ్య చాలు.

## 3. ఒకే కాలంలో పుట్టిన పిల్లలనే పోల్చండి

మేలో పుట్టిన పిల్లకూ నవంబరులో పుట్టిన పిల్లకూ మేత వేరు, ఎండ వేరు. వాటి మధ్య కనిపించే తేడాను జన్యువుల తేడా అనుకోవడమే ఎంపికలో పెద్ద మోసం.

తొలకరిలో జూన్, జూలైల్లో 45 రోజులు మాత్రమే పొట్టేలును మందలో ఉంచి తర్వాత విడదీయండి. చూడి 150 రోజులకు అటూ ఇటూ కాబట్టి ఈతలన్నీ నవంబరు, డిసెంబరుల్లో పడతాయి. దాటించే ముందు రెండు మూడు వారాలు ఆడ గొర్రెలకు రోజుకు పావు కిలో దాణా ఇస్తే ఎక్కువ గొర్రెలు ఒకేసారి ఎదకు వస్తాయి.

ఈ ఏర్పాటుతో ఇంకో లాభం ఉంది. నవంబరులో పుట్టిన పిల్లకు మే నాటికి ఆరు నెలలు నిండుతాయి. బరువు చూడటానికి, ఎండ పరీక్షకు అదే సరైన సమయం. జూలై నుంచి అక్టోబరు దాకా నట్టల పరీక్ష, జనవరిలో తుది ఎంపిక, మరుసటి జూన్‌కు 18 నెలల వయసులో పని. పరీక్షలన్నీ ఈ వరుసలోనే పడతాయి.

## 4. బొచ్చుకు మార్కులు వేయడం

పుట్టినప్పుడు ఒంటి మీద ఉండే నూగును చూసి నిర్ణయించకండి, అది రాలిపోతుంది. ఆరు నెలలకు ఒకసారి, మళ్లీ చలికాలంలో ఒకసారి చూడాలి. ఎండాకాలంలో నున్నగా ఉండి డిసెంబరులో వీపు మీద ఉన్ని తేలేవి ఉంటాయి. వాటి అసలు గుణం రెండోసారే బయటపడుతుంది.

నెల్లూరు మందకు ఐదు మెట్లు:

- 1: ఒళ్లంతా పొట్టిగా, పడుకుని ఉన్న మెరిసే వెంట్రుక
- 2: మెడ కింద, భుజాల మధ్య, తొడల వెనుక మాత్రమే పొడవు
- 3: మెడ, వీపు గరుకుగా, వెంట్రుక నిక్కబొడుచుకుని
- 4: భుజం లేదా వీపు మీద అరచేయంత ఉన్ని అతుకు
- 5: ఒళ్లంతా ఉన్ని కలిసిన బొచ్చు

పొట్టేళ్లలో 1, 2 మాత్రమే విత్తనానికి. 3 వచ్చినది మిగతా అన్నిటిలో ముందుంటే ఉంచవచ్చు. 4, 5 వద్దు. ఆడవాటిలో 4 దాకా సహించండి, వాటిని 1 వచ్చిన పొట్టేలుకు కట్టండి.

వెంట్రుక పాయ తీసి కింద చర్మం రంగు కూడా రాయండి. తెల్ల బొచ్చు కింద నల్లటి చర్మం ఉన్నది ఎండకు తట్టుకునే అమరిక. బొచ్చు వెలుతురును తిప్పికొడుతుంది, చర్మంలోని నలుపు సూర్యరశ్మి మంటను ఆపుతుంది. ముక్కు, కనురెప్పలు, గిట్టలు పూర్తిగా గులాబీ రంగులో ఉంటే ఎండకు కందిపోతాయి.

నల్ల గొర్రెల మందకు చూడాల్సినవి వేరు. భుజం, పక్కటెముకల మధ్యభాగం, తొడ అనే మూడు చోట్ల పాయ తీసి ఈ నాలుగూ చూడండి.

- పొడవు: మూడు చోట్లా దాదాపు ఒకేలా ఉండాలి. తొడ దగ్గర మరీ ముతకగా మారితే ఆ గుణం పిల్లలకూ దిగుతుంది.
- కెంపు పోగులు: పొట్టిగా, మందంగా, సుద్దలా పెళుసుగా ఉండి వంచితే మడత పడిపోయేవి. ఇవి నూలులో నిలవవు, గొంగడిలోంచి రాలి ఒంటికి గుచ్చుకుంటాయి. తెల్ల కాగితం మీద నూరు పోగులు పరిచి లెక్కపెట్టండి. తక్కువ వచ్చినదే మంచిది.
- రంగు: చివరలు ఎండకు ఎర్రబారతాయి, అందుకని కుదురు దగ్గరే చూడాలి. పిల్ల వయసులోనే బూడిద పోగులు కనిపిస్తే వయసుతో పెరుగుతాయి.
- బరువు: చెరువులో కడిగి రెండు రోజులు ఆరాక కత్తిరించి తూచండి. గత కత్తిరింపు నుంచి ఎన్ని నెలలైందో దానితో భాగించి నెలకింత అని రాయండి. ఇది వేయకపోతే ఆలస్యంగా కత్తిరించిన గొర్రె అనవసరంగా గెలుస్తుంది.

ఉన్ని బరువుకు వారసత్వం (జీవాల మధ్య తేడాలో జన్యువుల వాటా) బాగా ఎక్కువ, 30 శాతం దాకా, ఒక్కోసారి ఇంకా పైన. అంటే మీరు ఎంత ఒత్తితే అంత త్వరగా పెరుగుతుంది. అందుకే ఇక్కడ జాగ్రత్త కావాలి. ఉన్ని మోత ఎక్కువైన గొర్రె మే నెలలో రొప్పుతూ మేత మానేస్తుంది. మంద సగటు ఉన్నితోనే ఆగి, కెంపు తగ్గించడం మీద, రంగు మీద దృష్టి పెట్టడం మేలు.

## 5. రంగు: ఎంత పట్టించుకోవాలి, ఎలా తేల్చుకోవాలి

నెల్లూరులో తెల్లటిది పల్ల, మూతి, కళ్లు, కాళ్ల దగ్గర నల్ల మచ్చలున్న తెల్లటిది జోడిపి, ఒళ్లంతా గోధుమ ఎరుపు అయితే దొర. రంగును బట్టి సంతలో ధర మారుతుంది కాబట్టి రైతు రంగు అడగడంలో తప్పు లేదు. కానీ బరువు, ఎండ తట్టు (ఎండను ఓర్చుకునే గుణం) రెండూ ఉన్న పొట్టేలును రంగు కోసం కోతకు పంపితే నష్టం మీదే. రంగును చివరి మెట్టులో, సమానంగా ఉన్న ఇద్దరి మధ్య తేల్చడానికి వాడండి.

రెండు తెల్ల గొర్రెలకు నల్ల పిల్ల పుడితే "పొట్టేలు మారింది" అని అనుమానపడక్కర్లేదు. చాలా గొర్రె జాతుల్లో తెలుపు పైచేయి గుణం, నలుపు దాగి ఉండే గుణం. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ దాగి ఉంటే నలుగురిలో ఒకరికి బయటపడుతుంది. పొట్టేలులో అలాంటి రంగు దాగి ఉందో లేదో తేల్చే లెక్క ఇది:

- ఆ దాగిన రంగు బయటికే ఉన్న గొర్రెలతో దాటిస్తే: వరుసగా 7 పిల్లలు సరైన రంగులో పుడితే 99 శాతం నమ్మకం
- దాగిన గుణం మోస్తున్నాయని రుజువైన గొర్రెలతో: 16 పిల్లలు
- సొంత కూతుళ్లతో: 35 పిల్లలు

ఒక్క పిల్ల వేరే రంగులో పుట్టినా చాలు, దాగి ఉందని తేలినట్టే. కూతుళ్లతో పరీక్ష చెప్పడానికే తప్ప చేయకండి, రక్తసంబంధం పెరిగి నష్టం ఎక్కువ.

## 6. ఎండ పరీక్ష

అన్నిటిలోకీ ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే, తప్పుగా చేయడానికి ఎక్కువ వీలున్నదీ ఇదే. ఆరోగ్యంగా ఉన్న ఆరు నెలల పొట్టేలు పిల్లలకే చేయండి. చూడి గొర్రెలకు, జ్వరం, విరేచనాలు ఉన్నవాటికి, వారం లోపల టీకా వేసినవాటికి వద్దు. నల్ల గొర్రెలైతే అన్నిటికీ ఒకే రోజు కత్తిరింపు అయి ఉండాలి. ఒకటి ఉన్నితో, ఒకటి లేకుండా ఉంటే పోలిక చెల్లదు.

రోజు ఎంపిక: మబ్బు లేని రోజు. తెలంగాణ, రాయలసీమల్లో మధ్యాహ్నం నీడలో 40 డిగ్రీలు దాటాలి. కోస్తాలో తేమ ఎక్కువ కాబట్టి 37, 38 డిగ్రీలకే అంత కష్టం ఉంటుంది.

వరుస:

1. ఉదయం ఆరున్నరకు, మేతకు వదలకముందు, ఊపిరి లెక్క. జీవాన్ని పట్టుకోకుండా రెండు మూడు అడుగుల దూరం నుంచి డొక్క కదలికను 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేయండి.
2. ఆ తర్వాతే పట్టుకుని థర్మామీటరు. మలద్వారంలో 5 సెంటీమీటర్లు లోపలికి, గోడకు ఆనేలా. పేడ మధ్యలో గుచ్చితే తప్పు అంకె వస్తుంది.
3. రోజూలాగే మేపి పదకొండున్నరకు నీళ్లు తాగించండి.
4. 12 నుంచి 2 గంటల దాకా నీడలేని దొడ్డిలో నిలపండి. మనిషి దగ్గరే ఉండాలి.
5. 2 గంటలకు మళ్లీ ఊపిరి, తర్వాత ఉష్ణోగ్రత.
6. వెంటనే నీడ, నీళ్లు. 3 గంటలకు మూడోసారి రెండూ.

జట్టుకు పది, పన్నెండు జీవాలే. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇరవైని పెట్టుకుంటే చివరిది మొదటిదానికంటే గంటసేపు ఎక్కువ ఎండలో ఉన్నట్టవుతుంది. రెండో పరీక్ష రోజున వరుసను తిరగేసి చివరిదానితో మొదలుపెట్టండి. రెండు మూడు రోజుల ఎడంతో మొత్తం మూడు రోజులు చేసి సగటు తీయండి. ఎండ తట్టు వారసత్వం తక్కువ, 10 నుంచి 20 శాతం ప్రాంతం. ఒక్కరోజు అంకెలో ఆ రోజు అలసట, తాగిన నీళ్లు, భయం అన్నీ కలిసిపోయి ఉంటాయి.

ఎప్పుడు ఆపాలి: ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరినా, నోరు తెరిచి నాలుక బయటపెట్టి రొప్పినా, తూలినా ఆ జీవాన్ని వెంటనే నీడకు తీసి కాళ్లు, పొట్ట తడపండి. దాని పేరు పక్కన "ఆపాం" అని రాయండి, అదే దాని ఫలితం.

అంకెలు చదవడం: ఆరోగ్యంగా నెమ్మదిగా ఉన్న గొర్రె నిమిషానికి 16 నుంచి 34 సార్లు ఊపిరి తీస్తుంది. ఒంటి వేడి 38.3 నుంచి 39.9 డిగ్రీల మధ్య ఉంటుంది. ఎండలో 40 నుంచి 60 ఊపిరులు తేలికపాటి కష్టం, 80 దాటితే ఎక్కువ కష్టం, 200 దాటితే ప్రమాదం. ఈ రెండు అంకెలనూ కలిపే చూడాలి.

- ఊపిరి తక్కువ, వేడి పెరుగుదల తక్కువ: కావలసింది ఇదే
- ఊపిరి ఎక్కువ, వేడి తక్కువ: తట్టుకుంటోంది కానీ రొప్పడానికే శక్తి ఖర్చు
- ఊపిరి తక్కువ, వేడి ఎక్కువ: ఒంటి వేడి బయటికి పోవడం లేదు. నెమ్మదిగా ఊపిరి తీస్తోందని దీన్ని మెచ్చుకుని విత్తనానికి ఉంచడం చాలామంది చేసే తప్పు
- రెండూ ఎక్కువ: ఏరివేత

మధ్యాహ్నం 3 గంటలకు తీసిన కొలత కోలుకునే తీరు చెబుతుంది. నీడలో గంటకు ఉదయపు అంకెకు దగ్గరగా దిగినది మంచిది. సాయంత్రం మేతకు ముందుగా కదిలేది కూడా అదే.

## 7. వానకాలపు పరీక్ష

ఎండకు నిలిచి వానకు పోయే జీవం మనకు పనికిరాదు. జూలై నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకొకసారి కింది కనురెప్ప లోపలి రంగును ఫమాచా కార్డుతో పోల్చండి. చెట్టు నీడలో కాకుండా మంచి వెలుతురులో చూడాలి. 1, 2 ఎర్రగా ఆరోగ్యం. 4, 5 పాలిపోయి ఉంటాయి, పొట్టలో రక్తం తాగే నట్టలు పెరిగాయని అర్థం. 4, 5 వచ్చినవాటికి అదే రోజు నట్టల మందు పట్టించండి. పిల్లల్లో 3 వచ్చి ఒళ్లు తగ్గితే వాటికీ. గట్టిదో కాదో చూద్దామని మందు ఆపకండి. పుస్తకంలో ఎన్నిసార్లు మందు పట్టాల్సి వచ్చిందో రాస్తే చాలు, సీజన్‌లో ఒకటికంటే ఎక్కువ పట్టినది విత్తనానికి వద్దు.

మందంతటికీ ఒకే రోజు మందు పట్టిస్తే ఈ పరీక్ష చెడిపోతుంది, నట్టలూ మందుకు మొద్దుబారతాయి. పశువైద్యశాలలో పేడ పరీక్ష చేయించి గుడ్ల లెక్క తీసుకోగలిగితే ఇంకా మంచిది.

కుంటినవాటి నంబర్లు, ఏ కాలో కూడా రాయండి. తడి నేలలో పదేపదే గిట్టలు కుళ్లే జీవం దూరం నడవలేదు. టీకాలు మాత్రం ఎంపికలో భాగం కాదు. చిటుక రోగం, పీపీఆర్ (పారుడు రోగం), నీలి నాలుక, బొబ్బ రోగం టీకాలు మీ పశువైద్యుడి కాలపట్టిక ప్రకారం అన్నిటికీ వేయించాలి.

## 8. బరువు, తల్లి

మూడు నెలల బరువు తల్లి పాలను చెబుతుంది, ఆరు నెలల బరువు పిల్ల సొంత ఎదుగుదలను. 90 రోజుల బరువుకు సరిచేసే లెక్క: తూచిన బరువులోంచి పుట్టిన బరువు తీసేసి, వయసు రోజులతో భాగించి, 90తో గుణించి, పుట్టిన బరువు కలపాలి. 3 కిలోలతో పుట్టి 100 రోజులకు 14 కిలోలున్న పిల్లకు 12.9 కిలోలు వస్తుంది. కవలలను కవలలతో, తొలిచూలు తల్లుల పిల్లలను అలాంటివాటితోనే పోల్చండి.

తల్లి పుస్తకంలో ఏటా ఈనిందా, పిల్లను పెంచిందా అన్న రెండే చూడండి. రెండేళ్లు వరుసగా గొడ్డుపోయిన గొర్రె కొడుకు ఎంత అందంగా ఉన్నా విత్తనానికి తగడు.

## 9. ఏరివేత, రెండు విడతల్లో

అన్ని గుణాలనూ ఒకేసారి పట్టుకుంటే ఏదీ ముందుకు సాగదు. సమానమైన నాలుగు గుణాలకు ఎంపిక చేస్తే ఒక్కోదానిలో వచ్చే ప్రగతి, దానికొక్కదానికే చేసినప్పటితో పోలిస్తే సగానికి పడిపోతుంది. అందుకే కొన్నిటిని జల్లెడలా వాడి, మిగిలినవాటిని ఒక్క గుణం మీద వరుస పెట్టండి.

మే చివర, 20 పిల్లల నుంచి 8:

- పుట్టు లోపాలు: పై, కింది దవడలు కలవనివి, ఒకటే వృషణం దిగినవి, వంకర కాళ్లు. అనుకుందాం 3 పోయాయి.
- బొచ్చు 4, 5: ఇంకో 3.
- ఎండ పరీక్షలో అడుగున ఉన్న మూడోవంతు: 14లోంచి 5.
- మిగిలిన 9లో ఆరు నెలల బరువు అందరికంటే తక్కువదాన్ని వదిలేయండి.

జనవరిలో, 8 నుంచి 2, అదనంగా ఒకటి: కంటి రెప్ప రికార్డు, గిట్టలు, చలికాలపు బొచ్చు మార్కు. ఆపై వృషణాల చుట్టుకొలత టేపుతో తీసి, రెండూ సమానంగా, చేతికి గట్టిగా, గడ్డలు లేకుండా ఉన్నవాటినే ఉంచండి. చివరకు బరువు, తల్లి రికార్డు. నెల్లూరు రకంలో పొట్టేలుకు కొమ్ములు, కొన్నిటికి మెడచన్నులు ఉండటం జాతి లక్షణం, వాటికి మార్కులు అక్కర్లేదు.

ఎంత ఆశించవచ్చు? ఆరు నెలల బరువులో స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి పిల్లల బరువులు అటూ ఇటూ చెదిరే కొలత) 2.5 కిలోలు, వారసత్వం 25 శాతం అనుకుందాం. బరువొక్కటే చూసి పొట్టేళ్లలో పైన ఉన్న పదింట ఒకటి, ఆడపిల్లల్లో పదింట ఆరు ఉంచితే తరానికి సుమారు 0.75 కిలో, ఏడాదికి పావు కిలో పెరుగుతుంది. ఆ లాభంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పొట్టేలు వైపు నుంచే వస్తుంది. ఎండ తట్టు ఇంకా నెమ్మది. మూడేళ్లకే తేడా కనబడలేదని ఆపేయకండి.

## 10. దాటించడం, రక్తసంబంధం తప్పించడం

రెండు పళ్లు వచ్చిన పొట్టేలుకు మొదటి సీజన్‌లో 15 నుంచి 20 గొర్రెలు, పెద్దదానికి 25 నుంచి 30. 60 గొర్రెలకు కనీసం రెండు పొట్టేళ్లు, అవసరానికి మూడోది.

ఒక్కో పొట్టేలుకు ఒక మందలో రెండు సీజన్లే. మూడో జూన్ నాటికి దాని కూతుళ్లు ఎదకొస్తాయి. తండ్రి కూతురిని దాటితే పుట్టే పిల్లలో రక్తసంబంధం (తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు వచ్చే అవకాశం) 25 శాతం. పుట్టినప్పటి బరువు తగ్గడం, పిల్లలు చనిపోవడం, గొర్రెలు తిరగదాటడం అక్కడి నుంచే మొదలవుతాయి.

తెలంగాణలో 2017లో మొదలైన పంపిణీలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. అలాంటి యూనిట్‌ను బయటి పొట్టేలు లేకుండా నడిపితే తరానికి సుమారు 13 శాతం రక్తసంబంధం పెరుగుతుంది. 60 గొర్రెలు, రెండు పొట్టేళ్లతో, బయటి పొట్టేలు రాని మందలో 6.5 శాతం. అలాంటి నాలుగు మందలు కలిసి పొట్టేళ్లను తిప్పుకుంటే 1.6 శాతానికి దిగుతుంది.

తిప్పే పద్ధతి: మొదటి మంద పొట్టేళ్లు రెండోదానికి, రెండోవి మూడోదానికి, మూడోవి నాలుగోదానికి, నాలుగోవి మొదటిదానికి. రెండేళ్లకొకసారి, ఎప్పుడూ అదే దిశలో. దిశ మార్చితే మనవరాళ్లకు తాత తగులుతాడు. మారిన ప్రతి పొట్టేలును 21 రోజులు విడిగా కట్టి, పశువైద్యుడితో బ్రూసెల్లా పరీక్ష చేయించి, నట్టల మందు పట్టించి కలపండి.

బయట కొనాల్సివస్తే సంతకంటే రికార్డులున్న ఫారం మేలు. నెల్లూరు జాతి మెరుగుదల పని పలమనేరు పశు పరిశోధన స్థానంలో జరుగుతోంది. ఎక్కడ కొన్నా తల్లి రికార్డు, పుట్టిన తేదీ, ఏ మేత మీద పెరిగింది అన్న మూడూ అడగండి. వయసు మాట మీద నమ్మకుండా పళ్లు చూడండి. కొన్నదాన్ని జూన్‌కు రెండు నెలల ముందే తెచ్చి మీ బీడుకు అలవాటు చేయండి. ఎండకు బాగా వేడెక్కిన పొట్టేలు వీర్యం ఆరేడు వారాల దాకా బలహీనంగా ఉండవచ్చు, కాబట్టి మేలో దానికి నీడ తప్పనిసరి.

## 11. ఎక్కడ తప్పుతుంది, ఎలా దిద్దాలి

బాగా పెరిగినవే ముందు అమ్ముడుపోవడం. బేరగాడు బక్రీదుకు మొదట ఎంచేది మందలో పెద్ద పిల్లనే. మిగిలిన బక్కవే తర్వాతి తరానికి తండ్రులవుతాయి. ఏటా మందను చిన్నది చేస్తున్న ఎంపిక ఇదే, చేస్తున్నామని తెలియకుండానే చేస్తున్నది. బేరగాడు రాకముందే ఎనిమిది నంబర్లు పుస్తకంలో గీత కొట్టి, వాటిని ఆ రోజు మంద నుంచి వేరుగా ఉంచండి. డబ్బు అవసరం తప్పకపోతే ఆడ గొర్రెల్లో ముసలిదాన్ని అమ్మండి.

ఎంచనివి కూడా దాటేయడం. ఐదారు నెలలకే పొట్టేలు పిల్లలు దాటగలవు. మే చివర ఎంచని పన్నెండింటిని వెంటనే అమ్మండి, లేదా వైద్యుడితో విత్తు నొక్కించండి. ఉంచిన ఎనిమిదింటినీ జూన్, జూలైల్లో వేరే దొడ్డిలో కట్టండి.

కొన్నిటికే దాణా. నచ్చిన పిల్లకు గుప్పెడు గింజలు పెట్టి తర్వాత బరువు పోల్చితే గింజలే గెలుస్తాయి. పెడితే అన్నిటికీ, లేకపోతే దేనికీ వద్దు.

ఎండ అంకెలన్నీ ఒకేలా రావడం. ఆ రోజు ఎండ చాలలేదు, లేదా పట్టుకుని ఊపిరి లెక్కపెట్టారు. పట్టుకుంటే భయానికి అన్నీ రొప్పుతాయి. ఇంకా వేడెక్కిన రోజున, దూరం నుంచి లెక్కించి మళ్లీ చేయండి.

బొచ్చు బాగుపడి ఒళ్లు తగ్గడం. నునుపు ఒక్కటే చూసి ఎంచారు. బొచ్చు 2 వచ్చిన బరువైన పొట్టేలు, బొచ్చు 1 వచ్చిన బక్క పొట్టేలుకంటే మేలు. వచ్చే ఏడు బరువు వరుసను ముందు పెట్టండి.

ఒకే పొట్టేలు పిల్లలే అన్నీ ఎంపికవడం. దాని సంతానం నిజంగా మంచిది కావచ్చు, కానీ రెండు విత్తన పొట్టేళ్లూ అన్నదమ్ములైతే రెండేళ్లకు తిప్పలే. రెండోదాన్ని వేరే తండ్రి పిల్లల్లో మొదట వచ్చినదాన్నే తీసుకోండి, అంకెల్లో కొంచెం వెనకబడినా సరే.

## 12. ఏడాది పని

- జనవరి: తుది ఎంపిక, చలికాలపు బొచ్చు మార్కు
- ఫిబ్రవరి, మార్చి: 90 రోజుల బరువు, పాలు మాన్పించడం, నల్ల గొర్రెలకు కత్తిరింపు
- ఏప్రిల్: పొట్టేళ్ల మార్పిడి, 21 రోజుల విడి కట్టు
- మే: ఆరు నెలల బరువు, ఎండ పరీక్ష మూడు రోజులు, మొదటి ఏరివేత, ఆడ గొర్రెలకు దాణా మొదలు
- జూన్, జూలై: 45 రోజులు దాటించడం, ఒక జట్టుకు ఒక పొట్టేలు
- జూలై నుంచి అక్టోబరు: పదిహేను రోజులకొకసారి కంటి రెప్ప, గిట్టలు
- వానలు తగ్గాక: నల్ల గొర్రెలకు రెండో కత్తిరింపు, ఉన్ని తూకం
- నవంబరు, డిసెంబరు: ఈతలు, 24 గంటల్లో చెవిపోగు, పుట్టిన బరువు